అవ్వ చెప్పిన దారిలో చుక్కలు

ముప్పై మూడేళ్ల వయసులో నేను ఒక వృత్తి నుంచి రిటైరయ్యాను. శాలువా కప్పలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. హిందూపురంలో ఒక చింతపండు మండీ పైన ఉన్న రెండు గదుల్లోంచి నా కుర్చీని నేనే కిందికి మోసుకొచ్చాను. అదే వీడ్కోలు సభ. ఇప్పుడు పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ చేస్తున్నాను. చేతిలో జాబితా ఉంటుంది. వస్తువు వస్తుంది, కొలుస్తాను, టిక్కు పెడతాను. నా స్వభావానికి సరిపోయే పని. ఎవరి సంతోషమూ నా చేతిలో ఉండదు.

అప్పుడప్పుడూ ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఫ్యాక్టరీ చూడటానికి వస్తారు. నేను ఒకప్పుడు వీడియో గేములు చేసేవాడినని వాళ్లలో ఒకరిద్దరికి ఎలాగో తెలిసిపోతుంది. ఇక యంత్రాలను వదిలేసి నా చుట్టూ చేరతారు. కత్తులూ మంత్రాలూ కోటలూ ఉండే పాతకాలపు రోల్ ప్లేయింగ్ ఆటలు, ఆ మొరటు బొమ్మలతో, ఇప్పటికీ ఎందుకంత బాగుంటాయి సార్ అని అడుగుతారు. దానికి నా దగ్గర ఒకప్పుడు పద్నాలుగు అంశాల జవాబు ఉండేది. నా బల్ల ఎదురుగా గోడకు అంటించి ఉండేది. ఆ జవాబు పట్టుకునే నేను ఒక ఆటను చంపాను, ఒక మనిషి పొట్ట కొట్టాను. అందుకని వాళ్లకు టీ తాగించి పంపేస్తాను. వాళ్లకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

మా గేముల కంపెనీ ఓనరు ఆ మండీవాళ్ల అబ్బాయి. చిన్నప్పుడు ఎవరి ఇంట్లోనో పాత కంప్యూటర్‌లో ఒక కోట ఆట ఆడాడట. ఆ మత్తు దిగకుండానే పెద్దవాడయ్యాడు. కింద నాయన చింతపండు తూకం వేయిస్తుంటే పైన కొడుకు కోట కట్టడం మొదలుపెట్టాడు. మొత్తం ఆరుగురం. మా కీబోర్డులకు కూడా పుల్లటి వాసన ఉండేది.

ఆటలో కథ చిన్నది. చేతిలో కర్ర, ఒంటి మీద చిరిగిన చొక్కా తప్ప ఏమీ లేని మనిషి ఒకడు కొండ కింది ఊళ్లోకి వస్తాడు. కొండ మీద ఏడు వాకిళ్ల కోట. పైన ఒక నీళ్ల గుండం. గుండం అడుగున, ఊరికి నీళ్లు రాకుండా చుట్టుకొని పడుకున్న పాము. ఆడేవాళ్లు ఊళ్లో అందరితో మాట్లాడాలి, దారులు కనుక్కోవాలి, చావాలి, మళ్లీ లేవాలి, కొద్దికొద్దిగా బలపడాలి, తోడు మనుషులను సంపాదించుకోవాలి, చివరికి గుండంలోకి దిగాలి. నా పని రెండు రకాలు: ఆటలో జరిగేవాటిని వరసలో పెట్టడం, తప్పులు పట్టడం. రెండోదాంట్లో నాకు మంచి పేరు.

గోడ మీది జాబితా నాకిప్పటికీ నోటికి వచ్చు. ఒకటి, ఏమీ లేనివాడుగా మొదలవ్వాలి. నాలుగు, మొదటి రోజే తాళం వేసిన తలుపు ఒకటి కనిపించాలి, దాని తాళంచెవి చాలా ఆలస్యంగా దొరకాలి. ఏడు, మూటకు బరువు హద్దు ఉండాలి. ఏది మోయాలో ఏది పారేయాలో మనిషి తేల్చుకోలేక బాధపడాలి. పదకొండు, తోడు వచ్చినవాళ్లు ఒకరితో ఒకరు పోట్లాడుకోవాలి. వీటిలో ఏదీ తప్పని నేను ఇప్పుడు కూడా అనను. పాత ఆటలు ముప్పై ఆడి, ఒక్కోదాన్నీ విప్పి చూసి రాసుకున్నవి. గడియారం విప్పితే చక్రాలు, స్ప్రింగులు దొరికినట్టే దొరికాయి.

బొమ్మలు వేసేందుకు ధర్మవరం నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. యాభై ఆరేళ్లు. పట్టుచీరల అంచులకూ కొంగులకూ గ్రాఫు కాగితం మీద డిజైన్ గీయడం ఆయన పని. ఆ గడులను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద తిరిగితే చీరలో నెమలి దిగుతుంది. కంప్యూటర్‌లో డిజైన్లు చేసేవాళ్లు వచ్చాక ఆయన పెన్సిలుకు పని తగ్గింది, తర్వాత ఆగిపోయింది. మా ఓనరు వాళ్లమ్మకు తోడుగా చీరల అంగడికి పోయి, అక్కడ ఒక మూల పడివున్న ఆయన గ్రాఫు కాగితాలు చూశాడు. పాత ఆటల్లో బొమ్మలూ గడులే. చెట్టుకు పదహారు, రాయికి ఎనిమిది. అక్కడికక్కడే ఆయన్ని పనిలో పెట్టుకున్నాడు.

మొదటి రోజు ఆయన నా పక్కన కూర్చొని, "ఇన్నేండ్లు నెమళ్లు దింపితి. ఇప్పుడు పామును దింపమంటాండారు. దింపుతాం, ఏముంది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఈ పనన్నా నిలబడుతుందా అప్పా? ఇదీ పోతే నాకు బెంగళూరులో అపార్ట్‌మెంటు కాపలానే గతి. మా తమ్ముడు ఆడ చేస్తాండాడు, రా రా అని పిలుస్తాండాడు. ఈ వయసులో గేటు తీసేది, మూసేది..."

నిలబడుతుందన్నా అన్నాను. వారానికి మూడు రోజులు పొద్దున రైలుకు వచ్చేవాడు. చెవి వెనక పెన్సిలు, సంచిలో గ్రాఫు కాగితాల చుట్ట, పెరుగన్నం డబ్బా.

కోట పటం గీసుకోవడానికి ఒకరోజు ఆయన్ని తీసుకొని పెనుకొండ కొండ ఎక్కాను. సగం దూరంలో మేకలు కాస్తూ ఒక అవ్వ కనిపించింది. పెద్దాయన అడిగాడు.

"అవ్వా, ఈడ గుడి ఏదో ఉండాదంటనే?"

"ఈడ్నే," అంది, కాలి దగ్గర చూపించినట్టు.

"బురుజు?"

"ఆ..డ."

"నీళ్ల గుండం యాడుండాది?"

అవ్వ గడ్డం పైకెత్తింది. "ఆ......డ."

నేను ఫోను తీసి, "అంటే ఎంత దూరం ఉంటుందవ్వా? అర కిలోమీటరా, కిలోమీటరా?" అని అడిగాను.

"చెప్తి గదప్పా, ఆ......డ అని! మళ్లా ఎంతంటావేంది?" అని నన్ను ఎగాదిగా చూసి, పెద్దాయనతో, "ఈయప్పకు చెవుడా?" అంది.

పెద్దాయన నవ్వి నవ్వి బండ మీద కూర్చున్నాడు. తర్వాత చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఏం రాస్తాండారన్నా అంటే, "దూరం," అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

ఆ అవ్వ మా ఆటలోకి వచ్చింది. కొండ మొదట్లో మేకలతో కూర్చొని అడిగినవాళ్లకు దారి చెప్పేది. ఆమె మాటలన్నీ పెద్దాయనే రెండు వేళ్లతో టైపు చేశాడు. క్రమంగా ఊళ్లో మిగతావాళ్ల మాటలు కూడా ఆయనకే వచ్చాయి. ఎవరు దారి చెప్పినా ఈడ, ఆడ, ఆ..డ, ఆ.....డ. చూసినప్పుడల్లా నా కళ్లలో ఇసుక పడ్డట్టుండేది.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. నాది చెన్నేకొత్తపల్లి. నేను కూడా ఇంట్లో యాడ, ఆడ అనే మాట్లాడతాను. కానీ బడిలో ఒకసారి వ్యాసంలో 'యాడికి' అని రాస్తే అయ్యవారు ఎర్ర సిరాతో చుట్టి, అందరికీ చదివి వినిపించాడు. క్లాసంతా నవ్వింది. ఆ క్లాసులో యాడికి అనని పిల్లవాడు ఒక్కడు లేడు. అయినా నవ్వారు, నేనూ నవ్వాను. అప్పటి నుంచి ఆ మాట నోట్లో ఉంటే మామూలు మాట, కాగితం మీద ఉంటే తప్పు.

ఆటను పరీక్షించడానికి కింద మండీలో తూకం వేసే ఆయన్ని పిలిచేవాళ్లం. నలభై దాటిన మనిషి, జన్మలో వీడియో గేము ఆడినవాడు కాదు. మధ్యాహ్నం అన్నం తిని పైకొచ్చి కూర్చునేవాడు. అవ్వ మాట కనబడగానే గట్టిగా పైకి చదివేవాడు. "ఆ....డ అంటాంది. అంటే ఈ గుట్ట గాదు, దాని అవతలది." ఒకరోజు చుక్కలు సరిగా పట్టించుకోకుండా ముందే మలుపు తిరిగి, ఆడపులి గుహలో పడ్డాడు. మూడుసార్లు చచ్చాడు. యాభై రెండు నిమిషాలు తిరిగాడు. నేను వెనక నిలబడి నా పట్టికలో రాశాను: దారి తప్పుట, యాభై రెండు నిమిషాలు, తీవ్రమైన లోపం.

మర్నాడు ఆయన అన్నం కూడా తినకుండా వచ్చాడు. "నిన్న రాత్రంతా అదే మతికొస్తాండాది. ఆ పులి యవ్వారం ఈపొద్దు తేల్చాల," అన్నాడు. దాన్ని రాయడానికి నా పట్టికలో గడి లేదు.

ఆటలను ప్రచురించే ఒక బెంగళూరు కంపెనీ నుంచి ఒకామె వచ్చింది. మా ఆటను తీసుకోవాలా వద్దా అని తేల్చే పని ఆమెది. తీసుకుంటే ఇంకో రెండేళ్లు ఆరుగురికీ పని. తీసుకోకపోతే ఓనరు నాయన పై గదులను చింతపండు బస్తాలకు వాడుకుంటానని అప్పటికే చెప్పివున్నాడు. ఆమె చక్కటి పుస్తకాల తెలుగు మాట్లాడింది. అర గంట ఆడితే అందులో సగం అవ్వ దగ్గరే గడిపింది. అడిగిందే అడిగి, అవ్వ చెప్పిందల్లా చదివి, కొంత దూరం పోయి మళ్లీ వచ్చి, నవ్వుతూ కూర్చుంది. "నెల తర్వాత వస్తాను. అప్పుడు నిర్ణయం చెబుతాను," అని వెళ్లిపోయింది.

ఓనరు సంబరపడ్డాడు. "అవ్వ పట్టేసిందబ్బా ఆమెను!" అన్నాడు. నాకు మాత్రం నా క్లాసు నవ్వు వినబడింది. మా భాషను చూసి నవ్విందనుకున్నాను.

నెల గడిచింది. ఆమె వచ్చేది రేపనగా మధ్యాహ్నం మూడు గంటలకు నేను నా జాబితా ముందు కూర్చున్నాను. రెండు వందల పద్నాలుగు అంశాలు. రెండే మిగిలాయి: భాష, దారి తప్పుట. ఆ రోజు పెద్దాయన వచ్చే రోజు కాదు. ఓనరుతో భాష కొంచెం సరిచేస్తానన్నాను. ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే, "నీ ఇష్టమబ్బా, తప్పుల్లేకుండా ఉంటే చాలు," అన్నాడు.

పని తేలిక. ఆటలోని మాటలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. చిన్న ప్రోగ్రాం రాశాను. మొదటి మెట్టు: అక్షరాల మధ్య అనవసరంగా ఉన్న చుక్కలన్నీ తీసేయాలి. రెండో మెట్టు: యాడ ఉన్నచోట ఎక్కడ, ఈడ ఉన్నచోట ఇక్కడ, ఆడ ఉన్నచోట అక్కడ పెట్టాలి. నొక్కాను. తుమ్మినంత సేపు కూడా పట్టలేదు. తర్వాత, దారి తప్పకుండా తెర మీద ఒక బంగారు రంగు బాణం పెట్టాను. ఎటు పోవాలో ఎప్పుడూ అదే చూపిస్తుంది. సరిచూడ్డానికి ఆటను మొదటి నుంచి ఆడలేదు. తప్పులు పట్టేవాళ్లందరం చేసేదే నేనూ చేశాను: మధ్యలో దాచుకున్న చోట తెరిచి, అవ్వ దగ్గర నిలబడి, "గుండం అక్కడ ఉండాది" అని కనబడగానే 'ఉండాది'లన్నిటినీ 'ఉంది' చేసి, రెండు టిక్కులు పెట్టాను. కింద నా పొడి అక్షరాలు రాశాను. సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను కూడా.

మర్నాడు పెద్దాయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో వచ్చాడు. తూకం వేసే ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. గోడకు పెద్ద టీవీ పెట్టించాం. ఆమె కూర్చుంది. కోట బొమ్మ వచ్చింది, సంగీతం వచ్చింది, కింద మీట వచ్చింది. ఎప్పుడూ దాని మీద 'ఆడండి' అని ఉండేది.

ఆ రోజు 'అక్కడండి' అని ఉంది.

నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. ఆడండి అనే మాటలో ఆడ ఉంది. ఆడుకో అన్నా, ఆడితే అన్నా, ఆడపులి అన్నా అందులో ఆడ ఉంది. యంత్రానికి చోటు తెలియదు, ఆట తెలియదు, ఆడమగ తెలియదు. రెండక్షరాలు పక్కపక్కన కనబడితే మార్చమన్నాను, మార్చింది.

"ఏందబ్బా అది?" అన్నాడు ఓనరు మెల్లగా.

ఆమె మీట నొక్కింది. ఊరి మొదట్లో బోర్డు: 'బొంగరాలు అక్కడుటకు స్థలము.' ముందుకు పోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా అవ్వ దగ్గరికి పోయింది. గుడి ఎక్కడ అని అడిగింది. అక్కడ ఉంది. బురుజు? అక్కడ ఉంది. గుండం? అక్కడ ఉంది. మూడూ ఒకే దూరంలో ఉన్నట్టు, అవ్వకు దేని మీదా ఆసక్తి లేనట్టు. పైన బంగారు బాణం ఆడుతోంది. ఆమె బాణం వెంట పోయింది. ముందు మలుపు దగ్గర దారి పక్కనే గుహ వచ్చింది. 'అక్కడపులి మీ మీదికి దూకింది!' పులి చచ్చాక, తోడు వచ్చిన మనిషి అడిగాడు: 'దీన్ని ఊళ్లోకి ఇక్కడ్చుకొని పోదామా?'

తలుపు దగ్గర తూకం వేసే ఆయన ఆపుకోలేక పక్కున నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి నేను కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను. తర్వాత ఆమె నవ్వు ఆపి, చేతిలోని కంట్రోలరును బల్ల మీద పెట్టింది.

"ఆ అవ్వ యాడికి పోయింది?" అంది.

ఆమె నోట 'యాడ' విని అందరం తలలెత్తాం.

"మాది తనకల్లు," అంది. "మా అవ్వ అచ్చం ఇట్లే చెప్పేది. పోయినసారి నేను ఆ చుక్కలు ఎంచుకుంటా పోయినా. తప్పినా, మళ్లా వచ్చినా, మళ్లా అడిగినా. ఎన్ని ఏండ్లయిందో, ఒక ఆటలో దారి నేనే కనుక్కొని."

"అక్షరాల తప్పులు అర గంటలో సరిచేస్తాను మేడమ్," అన్నాను. "ఇక దారి తప్పే సమస్య లేదు. బాణం పెట్టాం."

"చూసినా. అంతా బాణమే పోతాండాది. ఇంక నేనేంటికి?"

ఇంకా పది నిమిషాలు కూర్చొని మర్యాదగా టీ తాగింది. వారం తర్వాత మూడు వాక్యాల మెయిలు వచ్చింది, వద్దని. కానీ మేమందరం ఆమె మెట్లు దిగుతుండగానే జవాబు తెలుసుకున్నాం.

ఆమె కారు కదిలాక ఓనరు టీవీ వైపు తిరిగాడు. తెర మీద ఇంకా పులి పడుకొని ఉంది. ఆటలో మాటలు రెండు వేళ్లతో టైపు చేసేది ఎవరో అందరికీ తెలుసు. ముందురోజు ఫోను మధ్యలో నేను చెప్పింది ఓనరు చెవికెక్కినట్టు లేదు. ఓనరు పెద్దాయన వైపు చూశాడు.

"ఏం పెద్దాయనా, అక్షరాలు చూసుకొని కొట్టాల్సింది గదా. ఆడండి అంటే అక్కడండి అంట! మూడేండ్ల పని... ఈ టైపింగుతో పాయె."

పెద్దాయన తెర వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. కోపంగా కాదు. మామూలుగా, ఒక మనిషి మాట్లాడబోతున్నాడని తెలిసినప్పుడు ఎలా చూస్తామో అలా. నేను చేతిలో ఉన్న జాబితా చూసుకున్నాను. రెండు వందల పదమూడు: భాష. టిక్కు. నా పొడి అక్షరాలు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను.

ఆయన చెవి వెనక పెన్సిలు సర్దుకొని, గ్రాఫు కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. ఆ వేళకు రైలు లేదు. సంచి బరువుగా ఉందని సాకు చెప్పి, నేను కూడా బస్టాండు దాకా పోయాను. ధర్మవరం బస్సు ఎంతకీ రాలేదు. ఆయన మా అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉందని అడిగాడు. ఎండ గురించి మాట్లాడాడు. నాకు వేరుశనగకాయలు కొనిచ్చాడు. నేను తిన్నాను. బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చొని, "వస్తానప్పా," అన్నాడు.

తర్వాతి వారం నుంచి ఆయన రానక్కర్లేదని కబురు పోయింది. నాలుగు నెలలకు మిగతా అయిదుగురమూ దిగిపోయాం. గదులు ఖాళీ చేసే రోజు అల్మారా వెనక ఆయన మర్చిపోయిన ఒక చుట్ట దొరికింది. కొండ పటం. ఒక గడి ఒక అడుగు. ప్రతి దారి పక్కన పెన్సిలుతో చుక్కలు, పది గడులకు ఒక చుక్క. మాటల ఫైలు పాత ప్రతి నా దగ్గర ఉంది. స్కేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూశాను. అవ్వ చెప్పిన దారులన్నీ, పశువుల కాపరి చెప్పినవీ, చెప్పులు కుట్టేవాడు చెప్పినవీ. ఒక్క చుక్క ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నా రెండు వందల పద్నాలుగు అంశాలలో అంత కచ్చితమైనది ఒక్కటీ లేదు. ఈ లెక్కను ఆయన ఎవరికీ వివరించలేదు. మాట వింటే దూరం తెలుస్తుంది కదా, దీన్ని చెప్పడమేమిటి అనుకొని ఉంటాడు. తూకం వేసే ఆయనకు తెలిసింది. తనకల్లు ఆమెకు తెలిసింది. అవే మాటలు తాగి పెరిగిన నాకు కాగితం మీద కనబడేసరికి చెత్తలా కనిపించాయి.

ఆ పిల్లల ప్రశ్నకు జవాబు ఇదే అని చెప్పను. జవాబులు చెప్పి ఒకసారి చూశాను. ఇంత మాత్రం చెప్పగలను. పాత ఆటలో ఎవరో ఒక మనిషి నీకు దారి చెబుతుంది. తన నోటితో, తన ఊరి మాటతో, సగం చెప్పి సగం నీకు వదిలేస్తుంది. ఆ సగాన్ని నువ్వు నడుస్తావు. తప్పితే ఆ తప్పు నీది, పులి నీది, మర్నాడు మళ్లీ పోవాలనే కసి నీది. నా పద్నాలుగు అంశాలూ ఆ మనిషి చెప్పే సగం గురించినవే; నువ్వు నడిచే సగం వాటిలో లేదు. ఇంకొకటి నవ్వు వచ్చే విషయం. ఒక్కసారి మీట నొక్కి, ఒక ఆటలోంచి ఆడటమనే మాటనే ఒక్కచోట కూడా మిగలకుండా తీసేసినవాడిని, నాకు తెలిసి, నేనొక్కడినే.

ఈ ఏడాది ఒక ఆదివారం ధర్మవరం పోయాను. ఆయన ఉండే వీధి పేరు తప్ప ఏమీ తెలియదు. ఒక ఇంటి అరుగు మీద రాట్నంతో పట్టు చుడుతున్న ఒకామెను, గ్రాఫులు గీసే ఆయన ఇల్లు యాడమ్మా అని అడిగాను. రాట్నం ఆపకుండానే, "ఆ...డ," అంది. నాలుగో ఇల్లు కాదు, సందు చివర కాదు, మలుపు తిరిగి రెండోది. తప్పకుండా పోయాను.

ఆయన మంచం మీద కూర్చొని రేడియో విప్పి బాగు చేస్తున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గోడకు బూడిద రంగు కాపలాదారు చొక్కా తగిలించి ఉంది, భుజం మీద ఏదో అపార్ట్‌మెంటు బిళ్లతో. నెలకు రెండు రోజులు సెలవట, పొద్దున్నే వచ్చాడట.

"ఏమప్పా ఇంజనీరూ! దారి తెలిసిందా?" అన్నాడు.

నీళ్లు తాగాను. వచ్చే దారంతా వరసలో పెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "అన్నా, ఆపొద్దు ఆ అక్షరాల తప్పులు మీవి గాదు. నేను..."

"తెలుసు లేప్పా."

"ఎప్పుడు తెలిసిందన్నా?"

"తెర మీద చూస్తానే తెలిసె. నేను పుట్టినంక 'అక్కడ' అన్నిందే లేదు. ఇంక రాస్తానా?" అని నవ్వాడు. రేడియోలో ఒక మర బిగించాడు.

"మరి ఓనరుకు చెప్పలేదేమన్నా?"

"నువ్వు చెప్తావని చూస్తాంటి."

నేను తల దించుకున్నాను. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, ఇలాంటి చోట కూడా కొలత అడగడం తప్ప నాకేమీ చేతకాదు కాబట్టి, "ఎంతసేపు చూశారన్నా?" అన్నాను.

"బస్టాండులో నిలబడితిమి సూడు, బస్సొచ్చేదాకా." మరలు విప్పే సాధనం కింద పెట్టి, గడ్డం కొంచెం పైకెత్తాడు. "శా......నాసేపు."

ఆరు చుక్కలు. ఈసారి ఒక్కటి కూడా తీసేయలేదు.